బోర్డు మీద ఊరి పేరు చదవగలిగేలా పాత బస్సుల క్యాసెట్లు, రీళ్లు డిజిటల్ చేయడం ఎలా?

రేవుదారి

అందరికీ నమస్కారమండి. కోనసీమలో మూసేసిన ఒక పెళ్లి వీడియోల షాపు సరుకు నా దగ్గరుంది: 23 వీహెచ్ఎస్ క్యాసెట్లు, 8 చిన్న వీడియో8 క్యాసెట్లు, 50 అడుగుల చిన్న ఫిల్ము రీళ్లు 4. పేరుకి పెళ్లిళ్లే గానీ, మధ్యమధ్యలో పెళ్లి బస్సు బయల్దేరడం, రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీలు, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కే వ్యాన్లు, రాజమండ్రి బ్రిడ్జి మీద ఎర్రబస్సులు ఉన్నాయని అట్టల మీద రాసుంది. నాకు కావలసింది పెళ్లికొడుకు కాదు, వెనకాల వెళ్లే బళ్లు.

మూడు క్యాసెట్లు ఒకచోట ఇచ్చి ఎంపీ4 చేయించాను. బస్సు కదిలితే చాలు అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. బోర్డు మీద అక్షరం ఒక్కటీ చదవలేం. గంట గడిచేసరికి శబ్దం బొమ్మకంటే వెనకబడిపోతోంది. ఇది టేపు లోపమా, చేసినవాళ్ల లోపమా?

ఇంకో మూడు సందేహాలు. ఆరేడు క్యాసెట్లలో కిటికీలోంచి చూస్తే తెల్లటి పొడి కనిపిస్తోంది. "మద్రాసు ట్రాము" అని రాసున్న రీలు డబ్బా తెరిస్తే పుల్లటి వాసన గుప్పుమంది. మన తేమలో వీటన్నిటినీ ఎక్కడ పెట్టాలి?

టేపువైద్యుడు

ఏ బొమ్మ సంగతికైనా ముందు ఆ తెల్ల పొడి సంగతి చూడాలండి. అది బూజు. "ఒక్కసారి వేసి చూద్దాం" అని కూడా వీసీఆర్‌లో పెట్టకండి. మన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీహెచ్ఎస్‌లో హెడ్ డ్రమ్ము, అంటే టేపుని చదివే హెడ్డులున్న గుండ్రటి భాగం, నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. బూజు ముక్క హెడ్డుకీ టేపుకీ మధ్య ఇరుక్కుంటే టేపు పొడుగునా గీత పడుతుంది. హెడ్డు మూసుకుపోతే బొమ్మంతా మంచు కురిసినట్టవుతుంది. ఆ పైన, తర్వాత పెట్టిన ప్రతి మంచి క్యాసెట్‌కీ అదే బూజు అంటుకుంటుంది.

31 క్యాసెట్లనీ మూడు కుప్పలుగా విడదీయండి. వీహెచ్ఎస్ పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందు మూత లేస్తుంది. టార్చి వేసి టేపునీ, కిటికీలోంచి చుట్టనీ చూడండి. చుట్ట నల్లగా, నున్నగా ఉంటే మొదటి కుప్ప. చుట్ట అంచు మెట్లుమెట్లుగా ఉన్నా, టేపు మడతపడినా రెండోది. తెల్లటి మచ్చలు, దారాల్లాంటి వలయాలు ఉంటే మూడోది. మూడోదాన్ని ఇంట్లో తెరవకండి. ఆరుబయట, ఎన్95 మాస్కు, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు.

బూజు తడిగా ఉన్నప్పుడు తుడిస్తే పేస్టులా పులుముకుంటుంది. అందుకని ముందు ఎండనివ్వాలి. ఎండనివ్వడమంటే డాబా మీద ఎండలో పెట్టడం కాదు. ఎండకి టేపు చుట్ట సాగుతుంది, ప్లాస్టిక్ పెట్టె వంకర పోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో రంగు మారే సిలికా జెల్‌తో రెండు మూడు వారాలు ఉంచండి. జెల్ రంగు మారగానే వేరేది పెట్టాలి. మన దగ్గర వర్షాకాలంలో మొదటి విడత రెండు మూడు రోజులకే మారిపోతుంది, కంగారు పడకండి. ఎండాక బూజు పొడిపొడిగా రాలుతుంది.

తర్వాత పెట్టె విప్పాలి. అడుగున 5 మరలుంటాయి. విప్పేటప్పుడు పై మూత ఎత్తకముందే లోపల చక్రాల బ్రేకులు, స్ప్రింగు, గైడు పిన్నులు ఎక్కడున్నాయో ఫోన్లో ఫోటో తీసుకోండి. మెత్తటి బ్రష్షుతో చుట్ట అంచుల్ని బయట వైపుకి దులపండి, రెండో చేత్తో వాక్యూం గొట్టం దగ్గరగా పట్టుకోండి. చుట్టని బూజు లేని ఖాళీ పెట్టెలోకి మార్చండి. పాత పెట్టె మళ్లీ వాడొద్దు. ఆపైన టేపుని నెమ్మదిగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి, నూలు రాలని గుడ్డ మధ్యనుంచి తిప్పాలి. దీనికి పాత క్యాసెట్ రివైండర్ చాలు. మంచి వీసీఆర్‌ని ఈ పనికి బలిపెట్టొద్దు.

వీసీఆర్ హెడ్డు శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లుంటాయి, పనికిరాదు. షామీ అనే మెత్తటి తోలు ముక్క తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూది పుల్లలు అసలే వద్దు, పోగులు హెడ్డుకి పట్టుకుంటాయి.

తెగిన టేపుని మామూలు సెల్లో టేపుతో అతికించినవి ఈ షాపు సరుకులో తప్పకుండా ఉంటాయి. ఆ జిగురు కారి హెడ్డుకి అంటుకుంటుంది. అతుకు దగ్గర టేపు కోసేసి, అరంగుళం స్ప్లైసింగ్ టేపుతో వెనక వైపు మాత్రమే అతకండి. ఆ ఒక్క అతుకు కోసం ఒకటి రెండు సెకన్లు పోయినా నష్టం లేదు.

ఇంటర్నెట్‌లో "టేపు ఓవెన్లో కాల్చండి" అని రాస్తారు. అది కొన్ని రకాల ఓపెన్ రీలు టేపుల్లో జిగురు పొర తేమ పీల్చి బంకయ్యే జబ్బుకి వైద్యం. వీహెచ్ఎస్‌లో అది అరుదు. కాల్చకండి.

హెడ్‌డ్రమ్

మీ మూడు ఎంపీ4ల లోపం టేపుది కాదండి. వాటిలో చేసినవాళ్లవి మూడు వేర్వేరు తప్పులున్నాయి.

వీహెచ్ఎస్ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు అంటాం గానీ, నిజానికి అవి 50 సగం బొమ్మలు. ముందు బేసి వరసలు, 1/50 సెకను తర్వాత సరి వరసలు. ఆ కాస్త సేపట్లో బస్సు ముందుకి జరుగుతుంది. రెండు సగాల్నీ ఒకే బొమ్మగా చూపిస్తే అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఆగి ఉన్న బస్సుకి పళ్లు రావు, గమనించండి. దీన్ని విడదీయడం తేలికే. కానీ మీ ఫైలు 720×576 కాకుండా 640×480 లాంటిదైతే, విడదీయకుండానే వరసల్ని కుదించేశారని అర్థం. అప్పుడు రెండు సగాలూ కలిసి ముద్దైపోతాయి. ఇక ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. మళ్లీ టేపు దగ్గరికే వెళ్లాలి.

శబ్దం వెనకబడడానికి కారణం రాలిపోయిన ఫ్రేములు. పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్‌లో గీత గీతకీ సమయం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. చవక యూఎస్‌బీ కాప్చర్ ముక్క (వీసీఆర్ బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించేది) అది తట్టుకోలేక ఫ్రేము వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. 50 ఫ్రేములు పోతే 2 సెకన్ల తేడా. బస్సు కిటికీ కమ్మీలు పాములా వంకర్లు తిరగడం కూడా ఈ ఊగుడు వల్లే.

ఇలా పెట్టుకోండి. ఎస్-వీడియో అవుట్ ఉన్న ఎస్‌వీహెచ్ఎస్ వీసీఆర్ దొరికితే అదృష్టం, అది మామూలు క్యాసెట్లనూ ఆడిస్తుంది. పసుపు తీగలో వెలుగూ రంగూ కలిసి వస్తాయి, విడదీసేటప్పుడు అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతాయి. ఎస్-వీడియోలో అవి విడిగా వస్తాయి. వీసీఆర్ తర్వాత ప్యానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 గానీ ఈఎస్15 గానీ పెట్టండి. అది డీవీడీ రికార్డరు, కానీ ఇక్కడ రికార్డింగు చేయదు. సిగ్నల్ లోపలికి వెళ్లి బయటికి వచ్చేలోగా గీతల్ని తిన్నగా సర్దుతుంది. అందులోంచి యూఎస్‌బీ కాప్చర్‌కి. కాప్చర్ సాఫ్ట్‌వేరు వర్చువల్‌డబ్2 అయితే రాలిన ఫ్రేముల లెక్క తెర మీదే కనిపిస్తుంది. గంటకి ఒకటి రెండు కంటే ఎక్కువైతే ఆపి, తీగలు, ట్రాకింగు (హెడ్డు టేపు మీద సరైన దారిలో నడిచేలా సర్దే మీట) చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

సెట్టింగులు: 720×576, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే, అంటే సగం బొమ్మలుగానే, పై వరస ముందు. రంగు 4:2:2. కోడెక్ (ఫైలు కుదించే పద్ధతి) ఎఫ్ఎఫ్‌వీ1 గానీ హఫ్‌వైయూవీ గానీ, రెండిట్లోనూ ఏ సమాచారమూ పోదు. శబ్దం 48 కిలోహెర్ట్జ్, కుదించకుండా. కుదించని బొమ్మ గంటకి 75 జీబీ, ఎఫ్ఎఫ్‌వీ1లో 30 జీబీ దరిదాపు. మీ 23 క్యాసెట్లూ నిండా 3 గంటలవే అనుకున్నా 69 గంటలు, సుమారు 2 టీబీ. 4 టీబీ డిస్కులు రెండు కొని, రెండోదాన్ని వేరే ఊళ్లో ఉంచండి. ఒకే బీరువాలో పెట్టిన రెండు కాపీలు ఒక్క కాపీ కిందే లెక్క.

కాప్చర్‌కి ముందు వెలుగు మట్టం చూసుకోండి. హిస్టోగ్రాంలో (వెలుగు మట్టాలు చూపే గ్రాఫు) తెలుపు 235 దాటి కోసుకుపోతుంటే బ్రైట్‌నెస్, కాంట్రాస్టు తగ్గించాలి. ఎండలో తెల్ల బోర్డు మీద అక్షరాలు మాయమయ్యేది ఇక్కడే, తర్వాత తేలేం. వీసీఆర్‌లో షార్ప్‌నెస్ మీట ఉంటే తగ్గించండి, లేదా "ఎడిట్" మీద పెట్టండి. అది అక్షరం చుట్టూ తెల్ల గీత గీస్తుంది తప్ప కొత్త వివరమేమీ తీసుకురాదు.

ఇప్పుడు అసలు విషయం, బోర్డు. వీహెచ్ఎస్‌లో వెలుగు వివరం 240 గీతల దాకా, రంగు వివరం 40 గీతల దాకానే ఉంటుంది. ఎర్రబస్సు ఎరుపు కుడివైపుకి కారి బోర్డు మీదికి వచ్చేది అందుకే. ఊరి పేరు చదవాలంటే రంగు తీసేసి నలుపు తెలుపులో చూడండి. అక్షరం వెలుగులోనే ఉంటుంది. చాలా బోర్డులకి ఈ ఒక్క పనే చాలు.

చాలకపోతే ఏవీసింత్ అనే సాఫ్ట్‌వేరులో క్యూటీజీఎంసీ అనే ఫిల్టరుతో 50 నిండు ఫ్రేములుగా విడదీయండి. అది కష్టమనిపిస్తే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేరులో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరు, ప్రతి సగానికీ ఒక ఫ్రేము వచ్చేలా. "బ్లెండ్" అనే ఎంపిక మాత్రం వద్దు, అది రెండు సగాల్నీ కలిపి బోర్డుని రెండుగా చూపిస్తుంది. తర్వాత బస్సు ఎక్కడ ఆగిందో వెతకండి. ఆగిన చోట 16 ఫ్రేములు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే చుక్కల గోల నాలుగో వంతుకి పడిపోతుంది.

కదిలే బస్సుకి హద్దుంది. గంటకి 30 కిలోమీటర్ల వేగమంటే 1/50 సెకనులో దాదాపు 17 సెంటీమీటర్లు. అడ్డంగా వెళ్లే బస్సు పక్క బోర్డు మీద అరచేయంత అక్షరం దానికదే అలుక్కుపోతుంది. అది కెమెరా తీసిన రోజే పోయింది. అదే బస్సు కెమెరాకి ఎదురుగా వస్తుంటే నుదుటి బోర్డు అంతగా చెదరదు. కాబట్టి ఎదురొచ్చే షాట్లలో వెతకండి.

ఏఐతో పెంచే సాఫ్ట్‌వేర్లని బోర్డుల దగ్గరికి రానివ్వకండి. "పాలక" దాకా కనిపించి తర్వాత మసకగా ఉంటే అది పాలకొల్లా, పాలకోడేరా? మనకి తెలియదు. ఏఐకీ తెలియదు, అయినా నున్నగా ఏదో ఒకటి గీసేస్తుంది. పదేళ్ల తర్వాత దాన్నే సాక్ష్యమంటారు.

రేవుదారి

పొరపాటు పట్టేశారండి, ఆ ఫైళ్లు 640×480నే. వీడియో8 వాటికి కూడా ఇదే పద్ధతా? వాటిలో రెండు మన టీవీకి కలిపితే బొమ్మ నలుపు తెలుపులో దొర్లుతోంది.

హెడ్‌డ్రమ్

దొర్లే రెండూ అమెరికా పద్ధతివి, అంటే ఎన్‌టీఎస్‌సీ. కువైట్, మస్కట్ నుంచి వచ్చిన కెమెరాలు సాధారణంగా మన పాల్‌వే, అమెరికా నుంచి తెచ్చినవి కావు. వాటిని 720×480, 29.97 ఫ్రేముల్లో విడిగా పట్టాలి. పాల్‌గా మార్చి దాచొద్దు.

మిగతా ఆరింటికి సోనీ డిజిటల్8 కెమెరాల్లో పాత అనలాగ్ టేపులు కూడా ఆడించే మోడల్ వెతకండి. అన్నీ ఆడించవు, కొనేముందు మాన్యువల్ చూడాలి. అది దొరికితే ఫైర్‌వైర్ తీగలో డీవీగా (డిజిటల్ వీడియోగా) నేరుగా కంప్యూటర్‌కి వస్తుంది, గంటకి 13 జీబీ. ఒక్కటి గుర్తుంచుకోండి, డీవీలో కింది వరస ముందు. వీహెచ్ఎస్ సెట్టింగే దీనికీ వాడితే బస్సు రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి వేసినట్టు వణుకుతుంది.

పాతరీలు

ఫిల్ము గురించి నేను చెప్తాను.

పుల్లటి వాసన ఎసిటేట్ ఫిల్ము కరుగుతున్న వాసన. అందులోంచి వచ్చేది ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్. వేడి, తేమ దాన్ని తొందరపెడతాయి. పైగా ఆ ఆవిరే మళ్లీ దాన్ని ఇంకా కరిగిస్తుంది. పక్కనున్న మంచి రీళ్లకీ సోకుతుంది. ఈరోజే ఆ డబ్బాని మిగతా మూడింటి నుంచి వేరే గదికి మార్చండి. ఏ-డీ స్ట్రిప్పులని నీలం కాగితాలు దొరుకుతాయి. డబ్బాలో ఒక రోజు ఉంచితే నీలంగానే ఉందా, ఆకుపచ్చకి తిరిగిందా, పసుపు అయ్యిందా అన్నదాన్ని బట్టి ఎంత ముదిరిందో తెలుస్తుంది. పసుపు వస్తే స్కానింగు వరసలో దానిదే మొదటి స్థానం.

ప్రొజెక్టర్లో వేయకండి. జబ్బు పట్టిన ఫిల్ము కుంచించుకుపోతుంది. 1 శాతం తగ్గినా రంధ్రాలు ప్రొజెక్టర్ పళ్లకి అందక చిరుగుతాయి. పళ్లు లేకుండా రోలర్ల మీద లాగి, ఒక్కో ఫ్రేమునీ ఫోటో తీసే స్కానర్ ఉన్నచోటే ఇవ్వాలి. గోడ మీద వేసి ఫోనుతో తీసే పద్ధతి బాగున్న రీలుకి కూడా నచ్చదు నాకు. మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి.

ఇచ్చేముందు మీదేరకమో చూడండి. రంధ్రం చిన్నగా, ఫ్రేము మధ్యకి ఎదురుగా ఉంటే సూపర్ 8. పెద్దగా, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటే పాత 8 మిల్లీమీటర్లు. 50 అడుగుల సూపర్ 8లో 3600 ఫ్రేములు, 18 ఫ్రేముల వేగంతో 3 నిమిషాల 20 సెకన్లు. పాత 8లో 4000 ఫ్రేములు, 16 వేగంతో 4 నిమిషాల 10 సెకన్లు. స్కాన్ చేసేవాళ్లని ఎంపీ4 అడగకండి, ఫ్రేముకి ఒక ఫైలు చొప్పున అడగండి. 2కేలో (అడ్డంగా సుమారు 2000 చుక్కలు) పది బిట్ల డీపీఎక్స్ అనే బొమ్మ ఫైళ్లయితే ఒక్కోటి 12 ఎంబీ పైనే, నాలుగు రీళ్లకీ 200 జీబీ అనుకోండి. "25కి మార్చి ఇస్తాం" అంటే వద్దనండి. అలా మారిస్తే లారీలు రేసుకార్లవుతాయి, లేదా ఫ్రేములు రెట్టింపై కుదుపు వస్తుంది.

ఇక ఆ లేబులు. మద్రాసులో ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. సూపర్ 8 ఫిల్ము మార్కెట్‌లోకి వచ్చిందే 1965లో. బొంబాయి ట్రాము కూడా 1964 మార్చితోనే ఆఖరు. కాబట్టి మీ రీలు సూపర్ 8 అయ్యి, అందులో నిజంగా మన దేశపు ట్రామే ఉంటే అది కలకత్తా. పాత 8 అయితే మద్రాసు కావచ్చు, కొట్టేయలేం. రంధ్రం చూసి చెప్పండి.

రేవుదారి

చూశానండి. చిన్న రంధ్రం, ఫ్రేము మధ్యకి ఎదురుగా. భూతద్దంతో చూస్తే ట్రాము వెనకాల పెద్ద ఇనప వంతెన.

పాతరీలు

అయితే కలకత్తాయే, ఆ వంతెన హౌరాది అయ్యుండాలి. లేబులు చింపకండి. "లేబులు మీద మద్రాసు అనుంది, ఫిల్ము రకాన్ని బట్టి కలకత్తా" అని జాబితాలో రెండూ రాయండి. రేపు ఇంకెవరైనా అట్ట చూసి మద్రాసని మార్చకుండా.

కొబ్బరిలంక

కాలం కట్టడానికి నావి కొన్ని.

కెమెరా మూలలో పడే తేదీని నమ్మొద్దు. బటన్ సెల్ అయిపోతే గడియారం మొదటికి పోతుంది. నంబరు పలక నమ్మకం. అప్పట్లో "ఏపీ 5" తూర్పుగోదావరి, "ఏపీ 37" పశ్చిమగోదావరి. ఈ అంకెల పద్ధతి 1989లో వచ్చింది, కాబట్టి అలాంటి లారీ కనిపిస్తే ఆ షాట్ 1989కి ముందుది కాదు. మూడు అక్షరాల పాత పలక కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, ఆ బళ్లు 1989 తర్వాతా తిరిగాయి. ఆర్టీసీ బస్సుకి అంకె తర్వాత "జెడ్" ఉంటుంది. ఆ అంకె జిల్లాది కాదు, దాన్ని పట్టుకుని బస్సు ఫలానా జిల్లాదని రాయకండి. డిపో పేరు బస్సు ఒంటి మీద విడిగా రాసుంటుంది.

రాజమండ్రి షాట్లకి వంతెనలే క్యాలెండరు. రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి 1974ది. పాత హేవలాక్ బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే 1997 లోపు. ఆర్చి బ్రిడ్జి సగం కట్టి కనిపిస్తే అదీ 1997కి ముందే. పుష్కరాల బోర్డులుంటే 1979, 1991, 2003, 2015, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. పలక, బ్రిడ్జి కలిపి చూస్తే ఏదో తేలిపోతుంది.

జాబితాలో జిల్లా పేరు మాత్రమే రాస్తే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక అయోమయమే. ఊరు, సెంటరు, రేవు పేరు రాయండి. ఒక్కో షాట్‌కి క్యాసెట్ నంబరు, మొదలయ్యే సమయం, ఊరు, బండి రకం, పలక, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు. చదవలేని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించినది పక్క గడిలో వేరుగా. పాత డ్రైవర్లకీ కండక్టర్లకీ చూపించేటప్పుడు శబ్దంతో చూపించండి. బోర్డు కనిపించని చోట కూడా ఇంజను, గేరు మోత విని లేలాండా, టాటానా చెప్పేవాళ్లున్నారు. అందుకే పెళ్లి పాట కింద కలిపేసిన క్యాసెట్ కాకుండా కెమెరా అసలు టేపు దొరికితే అది బంగారం. మీ వీడియో8లు బహుశా అవేనండి.

టేపువైద్యుడు

దాచడం గురించి అడిగారు కదా, మర్చిపోయాను. క్యాసెట్లు పుస్తకాల్లా నిలబెట్టండి, పడుకోబెట్టొద్దు. పూర్తిగా ఒక వైపుకి చుట్టి ఉంచండి, మధ్యలో ఆపి వదలొద్దు. అట్టపెట్టె తేమ పీలుస్తుంది, రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా మేలు. లోపల ఒక చిన్న తేమ మీటరు, తేమ 50 శాతం దాటకుండా సిలికా జెల్. ఇనప బీరువాని బయటి గోడకి ఆనించకండి, వానాకాలంలో వెనక రేకుకి చెమట పడుతుంది. కింది అర వద్దు. 86 వరద, 96 తుఫాను చూసిన ఊళ్లలో ఎందుకో చెప్పక్కర్లేదు.

ఫ్రిజ్ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పుల్ల వాసన రీలుకి మంచిదే, స్కానింగుకి ఇచ్చేదాకా. రెండు జిప్ కవర్లలో, మధ్యలో తేమ చూపే కార్డుతో. తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచండి, లేకపోతే చల్లటి ఫిల్ము మీద నీరు పడుతుంది. వీడియో టేపులు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు, టేపుకి పూసిన కందెన బయటికి వచ్చేస్తుంది.

కొబ్బరిలంక

ఇప్పటి బళ్లు కూడా తీస్తారనుకుంటా, రేవులో ఎలాగూ ఉంటారుగా. ఫోన్లో 50 ఫ్రేములు, షట్టరు 1/50 దగ్గర కట్టేయండి. కొత్త బస్సుల ఎల్ఈడీ బోర్డుని 1/1000 షట్టర్‌తో తీస్తే సగం అక్షరాలు ఆరిపోయి వస్తాయి. మధ్యాహ్నం ఎండకి 1/50 పెడితే బొమ్మ తెల్లగా పేలుతుంది గనక ఎన్‌డీ ఫిల్టరు (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) కావాలి. బస్సు ఫ్రేములోకి రాకముందు 10 సెకన్లు, వెళ్లిపోయాక 10 సెకన్లు కెమెరా కదపకండి. మైకుకి నురగ తొడుగు ఉండాల్సిందే, రేవుగాలికి అది లేకపోతే పంటు ఇంజను మోత బదులు ఉఫ్ అనే శబ్దమే మిగులుతుంది.